పాత కారు - పొగ కట్టడి

మానవుడు నిర్మించుకున్న యంత్రాలలో సామాన్య కుటుంబానికి మిక్కిలి చేరువైనది వాహనం. ఒకప్పుడు సంపన్నుల వాకిట మాత్రమే నిలిచిన కారు ఈనాడు చిన్న పట్టణాలలోని మధ్యతరగతి ఇళ్ళకు కూడా చేరింది. కొత్త కారు కొనే స్తోమత లేనివారు పదేళ్ళో, పదిహేనేళ్ళో నడిచిన పాత కారును కొనుక్కుంటున్నారు. ఇందులో తప్పు లేదు. శ్రద్ధగా చూసుకుంటే పాత కారు కూడా ఇంటిల్లిపాదికీ నమ్మకంగా సేవ చేస్తుంది. అయితే పాత కారు కొన్నవారికి తరచుగా ఒక సలహా లభిస్తూ ఉంటుంది. "పొగ కోసం పెట్టిన ఈ గొట్టాలూ డబ్బాలూ తీయించెయ్యండి. బండి తేలిగ్గా లాగుతుంది, మైలేజీ పెరుగుతుంది" అన్నదే ఆ సలహా. ఇందులో నిజమెంత? ఆ భాగాలను తొలగిస్తే కారుకు, దాని యజమానికి, ఊరికి ఏమవుతుంది? ఈ ప్రశ్నలకు సమాధానాలు తెలుసుకోవడం వాహనం ఉన్నవారికే కాదు, ఆ గాలి పీల్చే ప్రతి ఒక్కరికీ అవసరం.

సామర్లకోటలో ఒక పాత కారు

సామర్లకోట కాకినాడ జిల్లాలోని ఒక పట్టణం. తూర్పు చాళుక్యుల నాటి కుమారారామ భీమేశ్వరాలయం వలన ఇది పంచారామ క్షేత్రాలలో ఒకటిగా ప్రసిద్ధి పొందింది. హౌరా - చెన్నై రైలుమార్గం నుండి కాకినాడకు దారి చీలే కూడలి కూడా ఇదే. గోదావరి కాలువ నీటితో పచ్చబడిన వరిచేల మధ్యగా, పెద్దాపురం మీదుగా రాజానగరం వైపు సాగే దారిని ప్రజలు ఏడీబీ రోడ్డు అని పిలుస్తారు. లారీలు, బస్సులు, ఆటోలు, కార్లు ఈ దారిలో నిరంతరం తిరుగుతూ ఉంటాయి. కార్తీకమాసం వచ్చిందంటే అమరావతి, భీమవరం, పాలకొల్లు, ద్రాక్షారామం, సామర్లకోటలను ఒకే రోజున దర్శించుకోవాలని బయలుదేరిన యాత్రికుల వాహనాలు కూడా వీటికి తోడవుతాయి.

ఈ పట్టణంలో ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు 2006లో తయారైన చిన్న పెట్రోలు కారు ఒకటి కొన్నాడని ఊహించుకుందాం. భార్యను కాకినాడ ఆసుపత్రికి తీసుకువెళ్ళడానికి, మనవరాలిని బడిలో దింపడానికి అది ఆయనకు ఎంతో ఉపయోగపడుతున్నది. కొన్ని నెలలకు కారు లాగడం తగ్గింది. పెట్రోలు ఎక్కువగా తాగడం మొదలుపెట్టింది. కారు అడుగుభాగం నుండి విపరీతమైన వేడి వస్తున్నది. షెడ్డుకు తీసుకువెళ్ళగా మెకానిక్ పరీక్షించి, సైలెన్సరుకు ముందున్న క్యాటలిటిక్ కన్వర్టర్ మూసుకుపోయిందని చెప్పాడు. కొత్తది వేయాలంటే ఖర్చు ఎక్కువ. "దాన్ని తీసేసి మామూలు గొట్టం వేసేస్తాను మాస్టారూ! పనిలో పనిగా ఇంజిను మీద ఉన్న ఈ పొగ గొట్టాలన్నీ మూసేస్తాను. ఇవి లేని రోజుల్లో బళ్ళు నడవలేదా ఏమిటి?" అన్నాడు. మాస్టారు సరే అన్నారు.

మెకానిక్ చెప్పినట్లే కారు వెంటనే హుషారుగా లాగింది. మాస్టారు సంతోషించారు. ఆ సంతోషం ఎందుకు నిలవదో తెలుసుకోవాలంటే ముందుగా ఇంజినులో ఏం జరుగుతుందో తెలుసుకోవాలి.

పొగ పుట్టే విధానం

పెట్రోలులో ప్రధానంగా ఉండేవి కార్బన్, హైడ్రోజన్. ఇంజిను సిలిండరులోనికి పెట్రోలు ఆవిరి, గాలి కలిసి వెళతాయి. స్పార్క్ ప్లగ్గు నుండి వచ్చిన నిప్పురవ్వ ఆ మిశ్రమాన్ని మండిస్తుంది. ఒక గ్రాము పెట్రోలు పూర్తిగా మండడానికి సుమారు 14.7 గ్రాముల గాలి కావాలి. ఈ పాళ్ళు సరిగా కుదిరి దహనం సంపూర్ణంగా జరిగితే కార్బన్ డయాక్సైడ్, నీటి ఆవిరి మాత్రమే రావాలి. కాని ఇంజినులో దహనానికి దొరికే వ్యవధి సెకనులో అతి స్వల్పభాగం. అందువలన దహనం ఎప్పుడూ పరిపూర్ణంగా జరగదు.

గాలి చాలనప్పుడు సగం మండిన కార్బన్ నుండి కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. బొత్తిగా మండని పెట్రోలు హైడ్రోకార్బన్ల రూపంలో బయటికి వస్తుంది. దహన ఉష్ణోగ్రత మరీ పెరిగినప్పుడు, సాధారణంగా జడంగా ఉండే గాలిలోని నత్రజని కూడా ఆక్సిజన్‌తో కలిసి నత్రజని ఆక్సైడ్లుగా మారుతుంది. పెట్రోలు కారు వెదజల్లే విషవాయువులలో ముఖ్యమైనవి ఈ మూడే. వీటిలో ఒకదానిని తగ్గించబోతే మరొకటి పెరగడం ఇంజినీర్లకు ఎదురైన చిక్కు. గాలి పాలు పెంచి, దహనాన్ని వేడిగా జరిపిస్తే మొదటి రెండూ తగ్గుతాయి గాని నత్రజని ఆక్సైడ్లు పెరుగుతాయి. అందుచేతనే ఒక్క పరికరంతో పని జరగలేదు. ఒకదానికొకటి తోడుగా పనిచేసే అనేక భాగాలను అమర్చవలసి వచ్చింది.

ఇంకొక విషయం కూడా గమనించాలి. కాలుష్యం పొగగొట్టం నుండి మాత్రమే రాదు. ఏ నియంత్రణా లేని పాతకాలపు కారులో హైడ్రోకార్బన్లలో సుమారు 60 శాతం పొగగొట్టం నుండి, 20 శాతం ఇంజిను అడుగున ఉండే క్రాంక్ పెట్టె నుండి, తక్కిన 20 శాతం పెట్రోలు ట్యాంకు, కార్బొరేటర్ల నుండి ఆవిరి రూపంలో బయటికి పోయేవని అంచనా. అంటే తాళం వేసి వాకిట నిలిపిన కారు కూడా గాలిని పాడుచేయగలదు.

ఏ భాగం ఏ పని చేస్తుంది?

మొదటిది పీసీవీ కవాటం. పిస్టన్ రింగుల సందుల నుండి కొంత మిశ్రమం, కొంత పొగ జారి క్రాంక్ పెట్టెలోనికి దిగుతాయి. ఈ కవాటం వాటిని తిరిగి సిలిండరులోనికి పంపి మండిస్తుంది. పూర్వపు కార్లలో ఈ ఆవిరులు ఒక గొట్టం ద్వారా నేరుగా రోడ్డు మీదికి పోయేవి.

రెండవది బొగ్గు డబ్బా. ఇందులో ఉత్తేజిత బొగ్గు ఉంటుంది. ఎండకు ట్యాంకులో పుట్టిన పెట్రోలు ఆవిరిని ఈ బొగ్గు తనలో పట్టి ఉంచుతుంది. కారు నడుస్తున్నప్పుడు ఇంజిను ఆ ఆవిరిని పీల్చుకొని ఇంధనంగా వాడుకుంటుంది.

మూడవది ఈజీఆర్ కవాటం. ఇది మండిన పొగలో కొద్దిభాగాన్ని, సాధారణంగా 5 నుండి 15 శాతం వరకు, మళ్ళీ సిలిండరులోనికి పంపుతుంది. మండిన పొగ మళ్ళీ మండదు. కాని కొంత వేడిని తాను తీసుకొని దహన ఉష్ణోగ్రతను తగ్గిస్తుంది. తత్ఫలితంగా నత్రజని ఆక్సైడ్లు తగ్గుతాయి. పొయ్యి మరీ భగభగ మండకుండా గృహిణి మంటను సర్దినట్లు ఈ కవాటం సిలిండరులోని మంటను సర్దుతుంది. ఇది పెట్రోలు కార్లు కొన్నింటిలోనూ, ఇటీవలి డీజిల్ కార్లలో చాలావాటిలోనూ ఉంటుంది.

నాలుగవది క్యాటలిటిక్ కన్వర్టర్. చూడడానికి చిన్న సైలెన్సరులా కనిపిస్తుంది. లోపల తేనెపట్టు వంటి పింగాణీ దిమ్మె, దాని సన్నని గదుల గోడల మీద ప్లాటినం, పల్లాడియం, రోడియం అనే విలువైన లోహాల పూత ఉంటాయి. ఈ లోహాలు ఉత్ప్రేరకాలు. తాము తరగకుండానే కార్బన్ మోనాక్సైడ్‌ను కార్బన్ డయాక్సైడ్‌గా, హైడ్రోకార్బన్లను నీరు, కార్బన్ డయాక్సైడ్లుగా, నత్రజని ఆక్సైడ్లను తిరిగి నత్రజనిగా మారుస్తాయి. బాగా వేడెక్కిన కన్వర్టర్ ఈ విషవాయువులలో 90 శాతానికి పైగా మార్చగలదు.

ఐదవది ఆక్సిజన్ సెన్సర్. ఇది పొగలో మిగిలిన ఆక్సిజన్‌ను కొలిచి ఇంజిను కంప్యూటరుకు తెలియజేస్తుంది. ఆ సమాచారాన్ని బట్టి కంప్యూటరు పెట్రోలు పాళ్ళను క్షణక్షణం సవరిస్తుంది. 14.7 అన్న ఆ నిష్పత్తి నిలబడినప్పుడే కన్వర్టర్ మూడు వాయువులనూ ఒకేసారి శుద్ధి చేయగలుగుతుంది.

ఈ విధంగా ఇవన్నీ ఒకే వ్యవస్థలోని అంగాలు. ఇంజినుకు నిప్పురవ్వ ఎప్పుడు అందాలి, పెట్రోలు ఎంత అందాలి అన్న లెక్కలన్నీ ఈ భాగాలు ఉన్నాయన్న నమ్మకంతోనే కర్మాగారంలో నిర్ణయిస్తారు. "ఇవి లేని రోజుల్లో బళ్ళు నడవలేదా?" అన్న ప్రశ్నకు సమాధానం ఇదే. ఆనాటి కార్లు ఇవి లేకుండా నడవడానికి తయారైనవి. ఈ కారు వీటితో నడవడానికి తయారైనది.

తొలగిస్తే కలిగే నష్టాలు

ఇప్పుడు మాస్టారి కారు సంగతి చూద్దాం. కన్వర్టర్ తీయగానే కారు లాగిన మాట నిజం. మూసుకుపోయిన కన్వర్టర్ పొగను బయటికి పోనీయదు. పొగ వెనక్కి నెట్టడంతో ఇంజినుకు ఊపిరాడదు. అడ్డు తొలగింది కనుక ఊపిరి ఆడింది. కాని కన్వర్టర్ ఎందుకు మూసుకుపోయింది? అది తనంత తాను పూడిపోయే వస్తువు కాదు. ఆ కారులో ఒక ప్లగ్గు తీగ దెబ్బతిని, ఒక సిలిండరులో నిప్పురవ్వ అప్పుడప్పుడు తప్పిపోతున్నది. మండని పెట్రోలు నేరుగా కన్వర్టర్‌లోనికి వెళ్ళి అక్కడ మండింది. ఆ వేడికి తేనెపట్టు కరిగి ముద్దకట్టింది. కారు అడుగున వచ్చిన వేడికి కారణం అదే. అనగా కన్వర్టర్ రోగం కాదు, రోగలక్షణం. దానిని తీసివేయడం వలన లక్షణం మాయమైంది గాని రోగం అలాగే ఉంది.

నిప్పురవ్వ తప్పిన సిలిండరులోని పెట్రోలు గోడల మీది నూనె పొరను కడిగివేస్తూనే ఉన్నది. ఆ పెట్రోలు ఇంజిను ఆయిలులో కలిసి దానిని పలుచన చేస్తున్నది. పలుచబడిన ఆయిలు బేరింగులను కాపాడలేదు. రింగులు, గోడలు అరిగిపోతాయి. మైలేజీ పెరగకపోగా తగ్గుతుంది. కన్వర్టర్‌తో పాటు ఆక్సిజన్ సెన్సర్ తీగను కూడా ఊడదీసి ఉంటే ఇంజిను కంప్యూటరు చూపు కోల్పోయినట్లే. అది నిర్ణీతమైన ఒక అంచనా ప్రకారం పెట్రోలును కాస్త ఎక్కువగానే పోస్తుంది.

పీసీవీ గొట్టం మూసివేయడం వలన క్రాంక్ పెట్టెలో ఒత్తిడి పెరుగుతుంది. ఆ ఒత్తిడి బయటపడడానికి దారి వెదుకుతుంది. సీళ్ళు, గ్యాస్కెట్ల సందుల నుండి ఆయిలు కారడం మొదలవుతుంది. లోపల చిక్కుకున్న ఆవిరులు, నీటి తేమ ఆయిలుతో కలిసి నల్లని మడ్డిగా మారుతాయి. ఇంటి నుండి బడికి, బడి నుండి ఇంటికి తిరిగే కారులో ఇంజిను పూర్తిగా వేడెక్కే సమయమే ఉండదు. అందువలన ఆ తేమ ఆవిరైపోయే అవకాశం కూడా తక్కువ. కోస్తా తేమగాలిలో తిరిగే కార్ల యజమానులు ఈ సంగతి ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి.

ఈజీఆర్ దారిలో రేకుముక్క అడ్డం పెడితే దహన ఉష్ణోగ్రత పెరుగుతుంది. మిశ్రమం తన సమయానికి ముందే ఎక్కడికక్కడ పేలడంతో ఇంజినులో టకటకమనే చప్పుడు వస్తుంది. దీనినే నాకింగ్ అంటారు. సామర్లకోట వీధులలో నెమ్మదిగా తిరిగినప్పుడు ఇది వినపడకపోవచ్చు. కార్తీక సోమవారం నాడు నలుగురిని ఎక్కించుకొని అమరావతి దాకా వెళ్ళి వచ్చేటప్పుడు ఎండవేళ బయటపడుతుంది. ఇది చాలాకాలం కొనసాగితే పిస్టన్లు, కవాటాలు దెబ్బతింటాయి. డీజిల్ కారులో ఈజీఆర్ దారి మసితో పూడుకుపోవడం సాధారణం. దానిని విప్పి శుభ్రం చేయడమే సరైన మార్గం. శుభ్రం చేయడానికి పట్టే ఓపిక లేకనే రేకుముక్క అడ్డం పెడుతుంటారు.

బొగ్గు డబ్బా గొట్టం ఊడదీస్తే కారులో పెట్రోలు వాసన వ్యాపిస్తుంది. మే నెల ఎండలో నిలిపిన కారు నుండి యజమాని డబ్బు పెట్టి కొన్న పెట్రోలే ఆవిరైపోతుంది. ఆ ఆవిరి ఇంజిను పక్కన చేరితే నిప్పు ప్రమాదం కూడా ఉంది. ఊడిన గొట్టాన్ని మూయకుండా వదిలితే అదనపు గాలి లోనికి దూరి, ఇంజిను నిలకడగా తిరగక ఆగిపోతూ ఉంటుంది.

మొత్తం మీద కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడినట్లయింది. మాస్టారు తప్పించుకున్నాననుకున్న ఖర్చు ఇంజిను మరమ్మతు రూపంలో అంతకంత అయి తిరిగివస్తుంది. ఆరు నెలలకు మరొక షెడ్డులో ఒక వృద్ధ మెకానిక్ ప్లగ్గులు విప్పి చూసి, మసిబారిన ఒక ప్లగ్గును, చీలిన తీగను చూపించి, "మొదట ఇది మార్చి ఉంటే సరిపోయేది" అంటే మాస్టారు చేయగలిగేది ఏముంది?

ఊపిరికి ముప్పు

యజమానికి కలిగే నష్టం యజమాని భరిస్తాడు. కాని ఆ కారు వెనుక సైకిలు తొక్కుతున్న విద్యార్థి, రోడ్డు పక్కన పండ్లు అమ్ముకునే స్త్రీ ఏ పాపం చేశారు? కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్ ఆక్సిజన్ కంటే ఈ వాయువును 200 రెట్లకు పైగా బలంగా పట్టుకుంటుంది. దానితో శరీర కణాలకు ఆక్సిజన్ అందదు. తలనొప్పి, మగత, వికారం దీని తొలి లక్షణాలు. తలుపులు మూసిన షెడ్డులో ఇంజిను నడిపితే ప్రాణాపాయం కలుగుతుంది. ఈ ప్రమాదానికి అందరికంటే ముందు గురయ్యేది రోజంతా ఇంజిన్ల మధ్య పనిచేసే మెకానిక్, అతని దగ్గర పని నేర్చుకునే కుర్రవాడు.

నత్రజని ఆక్సైడ్లు శ్వాసనాళాలను రేపి ఉబ్బసాన్ని తీవ్రం చేస్తాయి. ఇవి, హైడ్రోకార్బన్లు ఎండ తగిలినప్పుడు కలిసి నేలమట్టంలో ఓజోన్‌ను పుట్టిస్తాయి. ఆకాశంలో ఎంతో ఎత్తున రక్షణ కవచమైన ఓజోన్, నేల మీద విషం. అది ఊపిరితిత్తులకే కాక పైర్లకు కూడా హాని చేస్తుంది. వరి, గోధుమ దిగుబడులను అది తగ్గిస్తుందని శాస్త్రజ్ఞులు గుర్తించారు. వరిచేల నడుమ బతికే డెల్టా ప్రజలు దీనిని నగరాల సమస్యగా భావించి ఊరుకోవడానికి వీలులేదు. డీజిల్ పొగ క్యాన్సరు కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధన సంస్థ 2012లో ప్రకటించింది.

ఒక సుదీర్ఘ పోరాటం

ఈ పరికరాలు ఊరికే రాలేదు. అమెరికాలోని లాస్ ఏంజిలిస్ నగరాన్ని 1940ల నుండి కళ్ళు మండించే పొగమంచు కమ్ముకునేది. దానికి మూలం వాహనాల పొగ, ఎండల కలయికే అని హాగెన్ స్మిట్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు 1950ల తొలినాళ్ళలో నిరూపించాడు. 1960ల ప్రారంభంలో అక్కడి కొత్త కార్లకు పీసీవీ కవాటాలు వచ్చాయి. 1970లో స్వచ్ఛమైన గాలి కోసం కఠినమైన చట్టం వచ్చింది. ఫ్రెంచి ఇంజినీరు యూజీన్ హూడ్రీ ఊహించిన ఉత్ప్రేరక పరికరం మెరుగుపడి 1975 నుండి అక్కడి కొత్త కార్లలో విరివిగా చోటు చేసుకున్నది.

ఈ కన్వర్టర్‌కు పరమశత్రువు సీసం. నాకింగ్‌ను తగ్గించడానికి అప్పట్లో పెట్రోలులో కలిపే సీసం ఉత్ప్రేరక లోహాల మీద పేరుకొని వాటిని పనికిరాకుండా చేసేది. కాబట్టి కన్వర్టర్ రావాలంటే సీసం పోవాలి. మన దేశంలో 1995 ఏప్రిల్ నుండి ఢిల్లీ, ముంబయి, కలకత్తా, మద్రాసు నగరాలలో కొత్త పెట్రోలు కార్లకు కన్వర్టర్ తప్పనిసరి అయింది. అక్కడ సీసం లేని పెట్రోలు కూడా అమ్మకానికి వచ్చింది. సామర్లకోట వంటి పట్టణాలతో సహా దేశమంతటా సీసం లేని పెట్రోలు 2000 ఫిబ్రవరి 1 నుండి అమలులోనికి వచ్చింది. 2021లో అల్జీరియా మానివేయడంతో ప్రపంచంలో ఏ దేశంలోనూ సీసం కలిపిన పెట్రోలును కార్లకు అమ్మడం లేదు. ఈ విధంగా ఒక చిన్న డబ్బా, పిల్లల మెదడును దెబ్బతీసే సీసాన్ని ప్రపంచమంతటా గాలి నుండి తొలగించడానికి తోడ్పడింది.

మన దేశంలో ఉద్గార ప్రమాణాలు భారత్ స్టేజ్ పేరుతో క్రమక్రమంగా కఠినమయ్యాయి. రెండవ దశ 2005లో, మూడవ దశ 2010లో, నాలుగవ దశ 2017లో దేశవ్యాప్తమయ్యాయి. ఐదవ దశను దాటవేసి 2020 ఏప్రిల్ నుండి ఆరవ దశను అమలుపరిచారు. పాతికేళ్ళ ఈ కృషిని ఒక షెడ్డులో, ఒక పూటలో, ఒక స్పానరుతో రద్దు చేయవచ్చు. అదే ఇందులోని విషాదం.

చట్టం ఏమంటున్నది?

1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చరాదు. 2019లో చేసిన సవరణ ప్రకారం, అనుమతి లేని ప్రతి మార్పుకూ యజమానికి 5,000 రూపాయల జరిమానా గాని, 6 నెలల వరకు జైలు గాని, రెండూ గాని విధించవచ్చు. కాలుష్య ప్రమాణాలను ఉల్లంఘిస్తే 10,000 రూపాయల వరకు జరిమానా, 3 నెలల వరకు జైలు, కొంతకాలం లైసెన్సుకు అనర్హత వంటి శిక్షలను ఆ సవరణ నిర్దేశించింది. వాహనం కొన్న ఏడాది తరువాత పొల్యూషన్ సర్టిఫికెట్ తప్పనిసరి. కారుకు 15 ఏళ్ళు నిండినప్పుడు, ఆపైన ప్రతి 5 ఏళ్ళకూ రిజిస్ట్రేషన్‌ను పునరుద్ధరించుకోవాలి.

భారత్ స్టేజ్ రెండు, మూడు దశల పెట్రోలు కార్లు నిలకడగా తిరుగుతున్నప్పుడు పొగలో కార్బన్ మోనాక్సైడ్ 0.5 శాతం, హైడ్రోకార్బన్లు పది లక్షల భాగాలలో 750 భాగాలు మించరాదు. కన్వర్టర్ తీసిన కారు ఈ హద్దులో ఉండడం కష్టం. అయితే ఈ పరీక్షకు ఒక పరిమితి ఉంది. పెట్రోలు కారు నిలిచి ఉన్నప్పుడు చేసే ఈ పరీక్షలో నత్రజని ఆక్సైడ్లను కొలవరు. అందువలన ఈజీఆర్ మూసివేసిన కారు కూడా సర్టిఫికెట్ పొందవచ్చు. పరీక్ష నెగ్గడం వేరు, గాలి శుభ్రంగా ఉండడం వేరు.

ఈ తేడాను సొమ్ము చేసుకోవడానికి పెద్ద సంస్థలు కూడా వెనుకాడలేదు. పరీక్ష జరుగుతున్నదని గుర్తించి అప్పుడు మాత్రమే నియంత్రణ పరికరాలను పూర్తిగా పనిచేయించే సాఫ్ట్‌వేర్‌ను ఫోక్స్‌వ్యాగన్ సంస్థ తన డీజిల్ కార్లలో అమర్చినట్లు 2015 సెప్టెంబరులో అమెరికాలో బయటపడింది. ప్రపంచవ్యాప్తంగా సుమారు 1 కోటీ 10 లక్షల కార్లలో ఆ సాఫ్ట్‌వేర్ ఉన్నట్లు ఆ సంస్థే అంగీకరించింది. షెడ్డులో రేకుముక్క చేసిన పనినే అక్కడ కంప్యూటరు చేసింది. రెండింటిలోనూ మోసపోయింది గాలిని పీల్చే మనిషే.

సరైన మార్గం

పాత కారు ఉన్నవారు చేయవలసినది కష్టసాధ్యమైనదేమీ కాదు. కారు లాగకపోతే ముందుగా ప్లగ్గులు, తీగలు, గాలి వడపోత, పెట్రోలు వడపోత పరీక్షింపజేయాలి. ఆయిలును నిర్ణీత కాలానికి మార్చాలి. పీసీవీ కవాటం చౌకైన వస్తువు. దానిని శుభ్రం చేయించడమో, మార్చడమో సులువు. ఈజీఆర్ మసిబారితే విప్పి కడిగించాలి. చీలిన రబ్బరు గొట్టాలను వెంటనే మార్చాలి. డాష్‌బోర్డు మీద ఇంజిను దీపం వెలిగితే దాని తీగ తెంపడం కాక, కారణం వెదకాలి. కన్వర్టర్ నిజంగా పాడైతే అది పాడైన కారణాన్ని సరిచేసిన తరువాతనే కొత్తది వేయించాలి. లేకుంటే కొత్తది కూడా అదే దారి పడుతుంది.

పాత కారు కొనేవారు బేరం కుదరక ముందే దానిని పైకెత్తించి, కన్వర్టర్ ఉన్నదో లేదో చూసుకోవాలి. అందులోని విలువైన లోహాల కోసం పాత సామానుల వ్యాపారులు దానిని కొంటారు. కాబట్టి లోపలి దిమ్మెను తీసి అమ్ముకొని, ఖాళీ డబ్బాను తిరిగి బిగించిన కార్లు కూడా తారసపడతాయి.

మెకానిక్‌లను మాత్రమే తప్పుపట్టడం న్యాయం కాదు. వారిలో చాలామంది చిన్నతనంలోనే పనిలో చేరి, కంటితో చూసి, చెవితో విని విద్య నేర్చినవారు. కొత్త ఇంజిన్ల మర్మం వారికి నేర్పే ఏర్పాటు జరగాలి. పారిశ్రామిక శిక్షణ సంస్థలు, రవాణా శాఖ ఈ బాధ్యత తీసుకోవాలి. తక్కువ ఖర్చుతో తాత్కాలికంగా పని కానిమ్మని తొందరపెట్టే యజమాని కూడా ఆ తప్పులో భాగస్వామే.

ముగింపు

ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకునేవారు ఉండరు. కాని పొగ నియంత్రణ భాగం మొరాయించినదని దానిని పీకి పారవేయడం అటువంటి పనే. అడవులు, సరస్సులు, నదులు, వన్యప్రాణులతో కూడిన ప్రకృతి పరిసరాలను కాపాడి మెరుగుపరచడం ప్రతి పౌరుని ప్రాథమిక విధి అని రాజ్యాంగంలోని 51-ఎ అధికరణం చెబుతున్నది. ఆ విధిని నిర్వర్తించడానికి అందరూ అడవులకు వెళ్ళనక్కరలేదు. సామర్లకోటలోని మాస్టారు తన కారుకు ఒక ప్లగ్గు తీగ మార్పించుకోవడం కూడా ఆ విధిలో భాగమే. ఆ కారులో వెనుక సీటులో కూర్చొని బడికి వెళ్ళే మనవరాలు, ఆ కారు వెనుక నడిచి వెళ్ళే పిల్లలు పీల్చేది ఒకటే గాలి. ఇంటి బిడ్డకు ఒక గాలి, వీధి బిడ్డకు ఒక గాలి ఉండదు.

అభ్యాసం

వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. కారులోని పొగ నియంత్రణ భాగాలను పేర్కొని, ఒక్కొక్క భాగం చేసే పనిని వివరించండి.
2. పొగ నియంత్రణ భాగాలను తొలగించడం వలన ఇంజినుకు, ప్రజారోగ్యానికి కలిగే నష్టాలను తెలపండి.

సంగ్రహరూప సమాధాన ప్రశ్నలు
1. "కన్వర్టర్ రోగం కాదు, రోగలక్షణం" అనడంలోని ఆంతర్యం ఏమిటి?
2. పెట్రోలులో సీసాన్ని తొలగించడానికి, క్యాటలిటిక్ కన్వర్టర్‌కు గల సంబంధం ఏమిటి?
3. "పరీక్ష నెగ్గడం వేరు, గాలి శుభ్రంగా ఉండడం వేరు" అన్న మాటను సమర్థించండి.

ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. ఒక గ్రాము పెట్రోలు పూర్తిగా మండడానికి ఎంత గాలి కావాలి?
2. క్యాటలిటిక్ కన్వర్టర్‌లో పూతగా వాడే లోహాలేవి?
3. లాస్ ఏంజిలిస్ పొగమంచుకు కారణాన్ని నిరూపించిన శాస్త్రజ్ఞుడెవరు?